ఒక్క తాటి మీద నాలుగు శాఖలు

తాటిరేవుపేటలో తెలివి ఎంత ఉందో ఎవరూ కొలవలేదు గానీ, ఉన్నదంతా తమ ఇంట్లోనే ఉందని ఉరిటి వారికి గట్టి నమ్మకం. ఉండదూ మరి! ఊరికి ఏ ఆపద వచ్చినా కబురు వెళ్ళేది ఆ ఇంటికే. పెద్దవాడు రామినాయుడు ఫైర్ స్టేషన్లో లీడింగ్ ఫైర్‌మ్యాన్. రెండోవాడు తవిటినాయుడు మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరు. ఊళ్ళో కాలువలు, దోమలు, తాగే నీళ్ళు అన్నీ ఆయన చూడాల్సినవే. మూడోవాడు లచ్చుంనాయుడు అంబులెన్సు డ్రైవరు. పెద్దవాడి భార్య వరహాలు ఆరోగ్య కేంద్రంలో నర్సు.

"ఇలాంటి బుర్రలు నాలుగు ఒకే ఇంట్లో పుట్టేస్తే మిగతా ఊళ్ళకి కొరత పడదేటి అన్నియ్యా?" అని తవిటినాయుడు అన్నం కలుపుకుంటూ అప్పుడప్పుడు బాధపడేవాడు.

"వదిన వాళ్ళ పుట్టింట్లో పుట్టింది. ఇక్కడ పుట్టినవి మూడే" అని లచ్చుంనాయుడు సరిచేసేవాడు. ఆ లెక్కకి ఇంటిల్లిపాదీ ముక్కున వేలేసుకునేవాళ్ళు.

తవిటినాయుడి తెలివి మాత్రం ఊరంతా చూసిందే. మొన్న వేసవిలో కమిషనర్ గారు ఆయన చేతికి 'ఇక్కడ చెత్త వేయరాదు' అని రాసిన బోర్డు ఒకటి ఇచ్చి, చెత్త ఎక్కువగా పడేచోట కట్టమన్నారు. ఊళ్ళో అన్నిటికన్నా ఎక్కువ చెత్త పడేది ఎక్కడ? చెత్త లారీలో. దానికే కట్టేశాడు. అంతే, వారం రోజులు లారీ అద్దంలా మెరిసింది. ఊరు ఏమైందని మాత్రం అడగకండి.

అలా ఉండగా, వానాకాలం ముందు పైనుంచి ఒక ఆర్డరు వచ్చింది. తుఫాను, వరద, గ్యాసు లీకు ఏది వచ్చినా ఫైరు వాళ్ళు, హెల్త్ వాళ్ళు, శానిటేషన్ వాళ్ళు, అంబులెన్సు వాళ్ళు కలిసి పనిచేయాలట. దానికి మూడు రోజుల శిక్షణ అట. శాఖకి ఒకరిని పంపాలట. కమిషనర్ శేషగిరి గారు జాబితా చూసి మురిసిపోయారు. నాలుగు శాఖలూ ఒకే ఇంట్లో ఉంటే నాలుగు ఉత్తరాలు దేనికి? ఒక్క ఉత్తరం రాసి ఉరిటి వారి గుమ్మంలో పడేయించారు. ఆయన జీవితంలో అంత తొందరగా తీసుకున్న నిర్ణయం ఇంకోటి లేదు. అంతగా పశ్చాత్తాపపడిన నిర్ణయమూ లేదు.

శిక్షణ కల్యాణ మండపంలో పెట్టారు. 'బహుశాఖల ఉమ్మడి విపత్తు సన్నద్ధతా శిక్షణ శిబిరం' అని బ్యానరు. పేరు పట్టక 'శిబిరం' పక్క గోడ మీదికి వెళ్ళింది. చెప్పడానికి జిల్లా నుంచి డాక్టర్ కమలాక్షి మేడం వచ్చింది. మంచి మనిషి, పని తెలిసిన మనిషి, పాపం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన మిగతా జనం ఇలాంటి చోట్ల ఎలా ఉండాలో తెలిసినవాళ్ళు. సంచి తీసుకున్నారు, పెన్ను తీసుకున్నారు, భోజనం కాగానే ఫ్యాను కింద కునుకు తీశారు. నిద్రపోయినవాళ్ళ వల్ల ఇంతవరకు ఎవరికీ హాని జరగలేదు. ఉరిటి వారు నిద్రపోలేదు. విన్నారు. ఇంకేముంది!

"ఇన్నాళ్ళూ ఫైరు వాళ్ళది ఒక దారి, హెల్త్ వాళ్ళది ఒక దారి" అంది మేడం మైకు పట్టుకుని. "ఇకమీదట అన్ని శాఖలూ ఒక్క తాటి మీద నడవాలి."

తవిటినాయుడు పుస్తకంలో 'తాడు, ఒకటి' అని రాసుకుని చెయ్యెత్తాడు. "మేడం, కొబ్బరి పీచుదా, నైలానుదా?"

మేడం హాస్యం అనుకుంది. "ఏదైనా పరవాలేదు, తెగకుండా ఉంటే చాలు" అని నవ్వింది. తవిటినాయుడు 'తెగనిది' అని కూడా రాసుకున్నాడు. ఇంత తెలివైన ప్రశ్న ఇంకెవరికీ తట్టలేదే అని చుట్టూ చూసి జాలిపడ్డాడు.

"ప్రమాదం చూడగానే మామూలు జనానికి కాళ్ళూ చేతులూ ఆడవు. మీకు ఆడాలి" అంది మేడం. రాసుకున్నాడు. "నీళ్ళ గురించి ఏ చిన్న అనుమానం వచ్చినా ముందు కమిషనర్ గారి చెవిన వేయండి" అంది. దాని కింద గీత గీసుకున్నాడు.

రెండో రోజు గ్యాసు సంగతి. నీళ్ళ ట్యాంకు దగ్గర క్లోరిన్ సిలిండరు లీకైతే ఏం చేయాలో మేడం విడమరచి చెప్పింది. గాలికి ఎదురు వెళ్ళాలి. పల్లంలో నిలబడకూడదు. ఊపిరి ఆడకపోయినా సరే మాస్కు మాత్రం వదలకూడదు. డ్రిల్లుకీ నిజానికీ తికమక రాకుండా, నిజంగా ప్రమాదం జరిగితే 'ఇది డ్రిల్లు కాదు' అని మూడుసార్లు చెప్పాలి.

"రెండుసార్లు చెబితే?" అన్నాడు రామినాయుడు.

"మూడుసార్లు అని నియమం పెట్టుకున్నాం కదండీ."

రామినాయుడు మూడు వేళ్ళు చూసుకుని తల ఊపాడు.

మూడో రోజు దెబ్బతిన్నవాళ్ళని విడదీసే పద్ధతి. ప్రాణం మీదికొచ్చినవాళ్ళు ఎరుపు, కాస్త ఆగగలిగినవాళ్ళు పసుపు, నడవగలిగినవాళ్ళు ఆకుపచ్చ. వరహాలుకి ఆ రోజు సగం ఇంటి పని మనసులో ఉండి, రంగులు వినిపించాయి గానీ వాటి ముందు మాటలు వినిపించలేదు. "ఎరుపు ముందు, పసుపు తరవాత, ఆకుపచ్చ ఆఖరు" అని వల్లె వేసుకుని లేచి అడిగింది. "మరి తెలుపు, మేడం?"

"తెలుపు లేదమ్మా."

"తెలుపు లేదు" అని వరహాలు గట్టిగా బుర్రకెక్కించుకుంది.

ఆఖర్న పరీక్ష పెడితే ఉరిటి వారు నలుగురూ మేడం మాటల్లో తమ చెవిన పడ్డవి పొల్లుపోకుండా అప్పజెప్పారు. మొదటి బహుమతి ఇచ్చేశారు. "ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళని నా సర్వీసులో చూడలేదు" అంది మేడం. పాపం, ఆ మాట అని ఇంకా వారం తిరగలేదు.

ఇంటికొచ్చాక ఊరికే కూర్చోలేదు. బజారుకెళ్ళి పడవ కట్టే లావుపాటి తాడు తెచ్చి పెరట్లో పరిచారు. దాని మీద రామినాయుడు, వెనకాల వరహాలు, ఆ వెనక తవిటినాయుడు, చివర లచ్చుంనాయుడు చేతులు చాపుకుని నడిచారు. ఒకరు జారితే నలుగురూ మొదటికి రావాలని తవిటినాయుడి నియమం. పక్కింటి వాళ్ళు గోడ మీంచి చూసి, "ఏటి నాయుడూ, సర్కస్సులో చేరారా?" అనడిగారు.

"శాఖల సమన్వయం. మీకు అర్థం కాదులెండి" అన్నాడు తవిటినాయుడు, పడిపోతూ.

డ్రిల్లు రోజు రానే వచ్చింది. నీళ్ళ ట్యాంకు ముందు షామియానా వేశారు. కమిషనర్ గారు వరస మధ్య కుర్చీలో కూర్చున్నారు. ఊరి జనం పెళ్ళికొచ్చినట్టు వచ్చారు. పంపుహౌసులో పనిచేసే గున్నయ్య లోపల గంట కొట్టాలి. కొట్టగానే గ్యాసు లీకైనట్టు అనుకుని అందరూ కదలాలి. కమలాక్షి మేడం రోడ్డు మీద బళ్ళు ఆపించడానికి గేటు దాకా వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ తవిటినాయుణ్ణి అడిగింది. "పొద్దున తీసిన నీళ్ళ శాంపిల్ ఎలా ఉంది?"

"కొంచెం మడ్డిగా ఉందండి."

"కమిషనర్ గారి చెవిన వేశారా?"

అంతే. తవిటినాయుడు నాలిక కరుచుకున్నాడు. అంత ముఖ్యమైన పని మర్చిపోయినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. శాంపిల్ సీసా పట్టుకుని పరుగెత్తాడు. కమిషనర్ గారు పక్క కుర్చీ పెద్దమనిషితో మాట్లాడుతూ తల అటు వంచి ఉన్నారు. ఇటువైపు చెవి ఖాళీగా ఉంది. సీసా మూత తీసి చక్కగా వేశాడు, చుక్క కింద పడకుండా.

"అబ్బా! ఏమిట్రా ఇది!" అని కమిషనర్ గారు ఎగిరి లేచారు.

"నీళ్ళ మీద అనుమానం సార్" అన్నాడు తవిటినాయుడు వినయంగా. "సగమే వేశాను. రెండో చెవి కూడా ఇప్పిస్తే పూర్తి సమాచారం..."

ఆయన రుమాలు చెవిలో దోపుకుని గంతులేస్తున్న సమయంలో పంపుహౌసులో నిజంగానే సిలిండరు వాల్వు దగ్గర వాషరు పోయింది. డ్రిల్లు కోసం ఎదురుచూసి ఎదురుచూసి దానికీ విసుగొచ్చినట్టుంది. బుస్సుమని గ్యాసు. గున్నయ్య ముక్కూ మూతీ మూసుకుని గుమ్మంలోకి వచ్చిపడ్డాడు.

"ఇది డ్రిల్లు కాదు! ఇది డ్రిల్లు కాదు!" అని అరిచి, దగ్గు తెర కమ్మి, గుమ్మంలోనే చతికిలపడిపోయాడు.

కమిషనర్ గారు "ఏంటి? ఏమంటున్నాడు?" అన్నారు. చెవిలో నీళ్ళు కదా.

"రెండే అన్నాడండి" అన్నాడు రామినాయుడు వేళ్ళు చూపిస్తూ. "మూడోది రావాలి."

నలుగురూ గున్నయ్య నోటి వంక చూస్తూ నిలబడ్డారు. గున్నయ్య దగ్గుతున్నాడు. "పాపం, బాగా నటిస్తున్నాడు" అంది వరహాలు. "కళ్ళంట నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు." తవిటినాయుడికి మాత్రం మనసులో ఏదో గుచ్చుకుంది. గున్నయ్య అతని చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ కలిసి ఏట్లో ఈత నేర్చుకున్నవాళ్ళు. "గున్నా, మూడోసారి అనెయ్యరా, వచ్చేస్తాం!" అని బతిమాలాడు. గున్నయ్య చెయ్యి మాత్రం ఊపాడు. చెయ్యి ఊపడం నియమంలో లేదు.

ఇంతలో బ్లీచింగు కంపు ఘాటుగా ముక్కుకి తగిలింది. "డ్రిల్లయితేనేం, నిజమైతేనేం, మన పని మనం చేద్దాం" అన్నాడు తవిటినాయుడు. ఇంట్లో తెలివి అంతా అతనిదే కదా. "గాలికి ఎదురెళ్ళాలి. గాలేది?"

గాలి లేదు. ఆకు కదలడం లేదు. లచ్చుంనాయుడు షామియానాలోంచి స్టాండు ఫ్యాను ఎత్తుకొచ్చి, ట్యాంకు దగ్గర పెట్టి, జనం వైపు తిప్పి, స్విచ్చి వేశాడు. ఇప్పుడు చక్కటి ఎదురుగాలి! ఇంకేముంది, గుమ్మంలో తచ్చాడుతున్న గ్యాసు కాస్తా ఫ్యాను గాలికి షామియానాలోకి కొట్టింది. కుర్చీలు తిరగబడ్డాయి. అందరికీ కళ్ళు మంటలు, ముక్కులు మంటలు. ఊరి పెద్దలంతా పంచెలు పైకెత్తుకుని మిట్ట మీది స్కూలు దాకా ఒక్క ఊపున పరుగు. జనాన్ని ఖాళీ చేయించడానికి అరగంట పడుతుందని మేడం పుస్తకంలో ఉంది. ఉరిటి వారు రెండు నిమిషాల్లో చేయించారు. ఆ ఘనత వాళ్ళకి ఇవ్వాల్సిందే.

"బాగా జరుగుతోంది" అన్నాడు రామినాయుడు దగ్గుతూ. "ఇప్పుడు కాళ్ళూ చేతులూ."

నలుగురూ కాళ్ళూ చేతులూ ఆడించడం మొదలెట్టారు. మిట్ట మీంచి చూసేవాళ్ళకి వీళ్ళకి దయ్యం పట్టిందనిపించింది. తరవాత తాడు పరిచారు. పంపుహౌసు ఎంత దూరమో తాడు అంత పొడవు తెచ్చుకున్నారు, అందులో లోటు చేయలేదు. ఎక్కి నాలుగడుగులు వేయగానే లచ్చుంనాయుడు జారాడు. మొదటికి వచ్చారు. ఆరడుగులు వేయగానే వరహాలు జారింది. మొదటికి వచ్చారు.

"ముందు వాణ్ణి బయటికి లాగండయ్యా!" అని గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొస్తూ కమలాక్షి మేడం అరిచింది. రొప్పుతూ వచ్చి రామినాయుడి చేతిలో ఉన్న గాలి మాస్కు చూసింది. ముఖానికి పెట్టుకోకుండా రెండు చేతులా పొదివి పట్టుకుని ఉన్నాడు.

"ఇలా ఇవ్వండి!"

"ఊపిరి ఆడకపోయినా మాస్కు వదలొద్దన్నారు కదండీ."

మేడం లాగింది. రామినాయుడు వదల్లేదు. మళ్ళీ లాగింది. ఇక లాభం లేదని మాస్కు తన మొహానికి తగిలించుకుని, వెనక మాస్కు తాలూకు గాలి సిలిండరు పట్టీకి వేలాడుతున్న రామినాయుణ్ణి కూడా లాక్కుంటూనే పంపుహౌసులోకి దూరింది. ఆయన కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, పట్టీ మాత్రం వదలకుండా వెళ్ళాడు. ఆవిడ వాల్వు బిగించింది. బుస్సుమనే చప్పుడు ఆగింది. తిరిగొస్తూ గున్నయ్య ఒక చెయ్యి ఆవిడ పట్టుకుంటే, రెండో చెయ్యి తవిటినాయుడు తాటి మీంచి దిగకుండానే అందుకున్నాడు. మొత్తానికి గున్నయ్యని బయటికి తెచ్చారు.

మనిషి పెదాలు పాలిపోయి ఉన్నాయి. మేడం అటూ ఇటూ చూసి, "అంబులెన్సు ఎక్కించండి!" అంది.

అంబులెన్సు నిండిపోయి ఉంది. వరహాలు అప్పటికే తన పని ముగించింది. పరుగెత్తిన జనంలోంచి ఎర్ర చొక్కా వేసుకున్న ఐసుబండి ఆయన్ని, ఎర్ర చీర కట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళని, ఎర్ర కండువా వేసుకున్న యూనియన్ నాయకుణ్ణి రెక్కలు పట్టుకుని ఎక్కించేసింది. వాళ్ళలో ఎవరికీ తుమ్ము కూడా లేదు.

"గున్నయ్య ఏటి రంగు వదినా?" అన్నాడు తవిటినాయుడు ఆశగా.

వరహాలు గున్నయ్య బనియను చూసి కన్నీళ్ళు పెట్టుకుంది. "తెలుపు మరిదీ. మన జాబితాలో తెలుపు లేదు కదేటి."

"అమ్మా తల్లీ!" అని మేడం చేతులు జోడించింది. "ఆయన్ని ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ముందు! మిగతా వాళ్ళు తరవాత!"

ముందు అంటే ముందు. అంతే. రామినాయుడు, తవిటినాయుడు స్ట్రెచరు మీద గున్నయ్యని మోసుకుంటూ రోడ్డు మీద ముందు నడిచారు. వెనకాల ఎర్ర చొక్కాలతో నిండిన అంబులెన్సు సైరను మోగించుకుంటూ, తాబేలులా వచ్చింది. దారిపొడుగునా తవిటినాయుడి కళ్ళు గున్నయ్య మీదే. "ఊపిరి తియ్యరా గున్నా, నేనున్నాను కదా" అని ఒకటే పాట. అప్పుడు నిజంగా భయపడ్డాడు. తెలివిలేనివాడు గానీ ప్రేమలేనివాడు కాదు.

ఆస్పత్రిలో డాక్టరు గున్నయ్యకి ఆక్సిజను పెట్టి, గుండె మీద గొట్టం పెట్టి విని, "పరవాలేదు, గట్టెక్కాడు. కిలోమీటరు పొడవునా మంచి గాలి తగిలింది, అదీ మంచిదే అయింది" అన్నాడు. తవిటినాయుడు గోడకి చేరబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుపు అయ్యాక కళ్ళు తుడుచుకుని, "చూశావా అన్నియ్యా, శిక్షణ ఊరికే పోదు" అన్నాడు.

కమిషనర్ గారు మాత్రం అలా అనుకోలేదు. ఒక చెవిలో దూది, రెండు కళ్ళూ మిరపపళ్ళు. "రేపు పదింటికి ఆఫీసుకొచ్చి సంజాయిషీ రాసివ్వండి! ఇకమీదట మీ మొహాలు నాకు చూపించకండి!" అని కేకలేశారు.

ఇంటికెళ్ళి నలుగురూ తలలు పట్టుకున్నారు. ఆఫీసుకి రమ్మన్నారు. మొహం చూపించొద్దన్నారు. ఎలా? తవిటినాయుడే దారి కనిపెట్టాడు. మర్నాడు పదింటికి మున్సిపల్ ఆఫీసు వీధిలోకి ముగ్గురు మనుషులు వెనక్కి నడుచుకుంటూ వచ్చారు. వాళ్ళ పక్కనే అంబులెన్సు కూడా, తోక ముందుగా, కుయ్ కుయ్ మంటూ. కమిషనర్ గారు ఆఫీసు మెట్ల మీద ఫోన్లో మాట్లాడుతున్నారు. వీధిలో నాలుగు వీపులు తన మీదికి రావడం చూసి, తెలియకుండానే తనూ ఓ అడుగు వెనక్కి వేశారు. మెట్టు తప్పింది. ఇంకేముంది, నాలుగు మెట్లు దొర్లి చీలమండ మెలికపడింది.

"అయ్యో సార్!" అని ముగ్గురూ వీపులతోనే పరుగెత్తారు. ఎక్కించాలి. మొహం చూపించకుండా ఎక్కించాలి. "మన మొహాలు నాలుగు, ఆయనది ఒకటి" అంది వరహాలు. "నాలుగు కప్పేకన్నా ఒకటి కప్పడం సులువు కదేటి." స్ట్రెచరు మీది తెల్ల దుప్పటి తల నుంచి పాదాల దాకా కప్పేసింది. ఆయన లోపల్నుంచి ఏదో అరిచారు. నొప్పికి అనుకున్నారు.

అంబులెన్సు బజారంతా వెనక్కే వెళ్ళింది. అద్దాల్లోంచి తెల్ల దుప్పటి, దాని కింద కమిషనర్ గారి బూట్లు జనానికి కనబడ్డాయి. "నిన్న గ్యాసు పీల్చారట పాపం" అన్నాడు కిరాణా కొట్టాయన. టపటపా షట్టర్లు పడ్డాయి. పూలకొట్టు వాడు ఉన్న దండలన్నీ భుజాన వేసుకుని ఆస్పత్రి వైపు పరుగెత్తాడు. అతని వెనక ఊరు.

ఆస్పత్రి మంచం మీద కాలికి కట్టు కట్టించుకుంటూ కమిషనర్ గారు బయటి గోల విన్నారు. ఎవరో గట్టిగా శోకాలు పెడుతున్నారు. కిటికీలోంచి దండలు కనిపిస్తున్నాయి. సంగతి అర్థమైంది. గోడ వైపు తిరిగి నిలబడ్డ తవిటినాయుడి వీపుని చూసి, కేకలేసే ఓపిక కూడా లేక, చాలా మెల్లగా అన్నారు. "నాయనా తవిటినాయుడూ. బయటికి వెళ్ళి నేను బతికే ఉన్నానని పదిమందికీ చెప్పు."

"చిత్తం సార్."

తవిటినాయుడికి ప్రాణం లేచివచ్చింది. ఇంత జరిగాక కూడా ఇంత పెద్ద పని తనకే అప్పజెప్పారంటే మాటలా! బయటికొచ్చి వేళ్ళు మడుచుకుంటూ చెప్పడం మొదలెట్టాడు. గేటు దగ్గర వాచ్‌మ్యాన్‌కి చెప్పాడు, ఒకటి. పూలకొట్టు వాడికి చెప్పాడు, రెండు. చేపలమ్మే అప్పాచెల్లెళ్ళకి చెప్పాడు, నాలుగు. కిరాణా కొట్టాయనకి, ఆటో స్టాండులో నలుగురికి చెప్పాడు. పండ్లబండి ముసలాయనకి సరిగ్గా వినబడక రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది గానీ ఒకటే లెక్కేశాడు, మోసం లేకుండా. రెండు చేతుల వేళ్ళూ పూర్తయ్యాయి. హమ్మయ్య అనుకుని చేతులు దులుపుకున్నాడు.

అప్పుడే ఒక ఆటో కీచుమని ఆగింది. అందులోంచి కమిషనర్ గారి భార్య అనసూయమ్మ గారు జుట్టు ముడి విడిపోతూ దిగింది. చెప్పులు కూడా వేసుకోలేదు. సూటిగా తవిటినాయుడి దగ్గరికే వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"బాబూ, నువ్వు దగ్గరే ఉన్నావటగా. ఉన్నది ఉన్నట్టు చెప్పు. మా వారు ఎలా ఉన్నారు?"

తవిటినాయుడు ఆవిడ మొహం చూశాడు. మడిచిన వేళ్ళు ఇంకోసారి లెక్కపెట్టుకున్నాడు. పదీ అయిపోయాయి. ఒక్కటి మిగిలినా బాగుండేదని మనసులో ఎంతో నొచ్చుకున్నాడు. కానీ పెద్దవాళ్ళు చెప్పిన మాట దాటే మనిషి కాడు. బరువుగా నిట్టూర్చి, తల వంచుకుని, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

అంతే. ఆవిడ గొల్లుమంది.